ఇంటి ఆవరణలో అతిగా పెరిగిన చెట్టును దించే పద్ధతి

గుంటూరు పట్టాభిపురంలో మా నాన్నగారు ఇల్లు కట్టించిన సంవత్సరమే ఉత్తరపు ప్రహరీ పక్కన ఒక నేరేడు మొక్క నాటారు. చేతికర్రంత మొక్కకు గోడ నుంచి ఆరడుగుల దూరం ధారాళంగానే కనిపించి ఉంటుంది. ముప్పయ్యేళ్ళు గడిచేసరికి ఆ మొక్క నలభై అయిదు అడుగుల మానైంది. వేళ్ళు మురుగు గొట్టం అతుకుల్లోకి దూరాయి, ప్రహరీ మధ్యలో వేలు పట్టేంత బీట పడింది, జూన్ నెలాఖరు వచ్చేసరికి పొరుగింటి డాబా అంతా ఊదారంగు మరకలయ్యేది. చివరకు దానిని తీసివేయక తప్పలేదు. ఆ పనిలో మేము సరిగా చేసినవీ, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవీ, ఆ తరువాత విజయవాడ సత్యనారాయణపురంలో మా అక్కయ్య ఇంటి కొబ్బరిచెట్టు దగ్గరుండి తీయించినప్పుడు తెలిసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పొలం గట్టు మీది చెట్టు ఎటు పడినా నష్టం లేదు కనుక మాను మొదలు దగ్గరే గొడ్డలి వేసి పడగొడతారు. ఊళ్ళో రెండు వందల గజాల స్థలంలో, ఒక పక్క డాబా, ఒక పక్క వీధి తీగలు, మరో పక్క పొరుగువారి రేకుల షెడ్డు ఉన్నచోట చెట్టు పడడానికి చోటే ఉండదు. అక్కడ చెట్టును కొట్టడం కాదు, దించాలి: చిటారు కొమ్మ నుంచి మొదలుపెట్టి ముక్కముక్కగా, ప్రతి ముక్కా ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకుని కిందికి తేవాలి. ఈ తేడా పట్టించుకోకుండా "రెండు గంటల పని సార్, తాడేసి లాగేస్తాం" అనేవారిని గేటు బయటి నుంచే పంపించి వేయడం మంచిది.

తీయక తప్పదా?

నీడనిచ్చే చెట్టును తీసివేస్తే మన ఊరి మే నెల ఎండకు గదులు ఎంత వేడెక్కుతాయో మరుసటి వేసవికి గాని తెలియదు. కాబట్టి ముందు కత్తిరింపుతో సరిపోతుందేమో చూడాలి. మానుకు బలం ఉండి, బాధ అంతా డాబా మీదికి వాలిన రెండు కొమ్మలదే అయితే ఆ కొమ్మలను తీస్తే చాలు. ఒక ఏడాదిలో మొత్తం కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయరాదు. ఏటా తలనంతా నరికి మోడు చేయడం కత్తిరింపు అనిపించుకోదు. అలా నరికినచోట గుంపులుగా వచ్చే చిగుళ్ళు పైపైన అతుక్కున్న కొమ్మలవుతాయి, రెండు మూడేళ్ళ తరువాత ఈదురుగాలికి అవే ముందు విరిగి పడతాయి.

తీసివేయక తప్పని గుర్తులు వేరే ఉంటాయి. మాను మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటి బూజు గడ్డలు కట్టడం, సుత్తితో తట్టినప్పుడు మాను డొల్లగా మోగడం, రెండు పెద్ద కొమ్మలు విడిపోయే పంగలో నిలువు చీలిక కనిపించడం, ఒక పక్క మట్టి లేచి చెట్టు గతంలో లేని వాలు చూపడం వీటిలో ముఖ్యమైనవి. చివరి గుర్తు వరదల తరువాత ఎక్కువగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలా నానిన నేలలో వేళ్ళ పట్టు సడలుతుంది, పైకి పచ్చగా ఉన్న చెట్టు కూడా ఆ తరువాత వచ్చే గాలివానకు నిలవకపోవచ్చు.

అనుమతి

చెట్టు మన స్థలంలోనే, మనం నాటినదే అయినా మన ఇష్టప్రకారం కొట్టివేయడానికి వీలులేదు. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే అందరూ వాల్టా అని పిలిచేది, చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలంటుంది, తీసిన చెట్టుకు బదులు మొక్కలు నాటే బాధ్యతను కూడా మన మీద పెడుతుంది. ముందుగా వార్డు సచివాలయంలోనో, నగరపాలక సంస్థ కార్యాలయంలోనో అడగాలి. అటవీ శాఖకు వెళ్ళవలసిన దరఖాస్తు అయితే అక్కడే చెబుతారు. చెట్టు ఫొటోలు నాలుగు వైపుల నుంచి, గోడ బీట, వాలు, తీగలకు తగిలే కొమ్మ స్పష్టంగా కనిపించేలా తీసి, ఇంటి పన్ను రసీదుతో పాటు జతపరిస్తే పరిశీలనకు వచ్చేవారికి పని తేలికవుతుంది. ఎర్రచందనం, శ్రీగంధం పెరట్లో ఉన్నవారు మాత్రం మరింత జాగ్రత్తగా ఉండాలి. అవి సొంత స్థలంలో పెరిగినవైనా అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టడమూ, దుంగను గేటు దాటించడమూ నేరమే. అనుమతి కాగితం నకలు కలప తీసుకుపోయే బండి డ్రైవరు చేతిలో కూడా ఒకటి ఉండాలి.

చెట్టు సరిహద్దు మీద ఉన్నా, కొమ్మలు పక్కవారి వైపు ఉన్నా వారితో ముందే మాట్లాడుకోవాలి. పని రోజున వారి డాబా మీదికి మనిషి ఎక్కవలసి వస్తుంది, వారి కారు తీయించవలసి వస్తుంది. మా పొరుగాయన నేరేడు మరకల మీద ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేసినవారే, తీరా కొడుతున్నామని చెబితే "అయ్యో, కాయలెలా?" అన్నారు.

కాలం, కొలతలు, కరెంటు

మన ప్రాంతంలో ఈ పనికి ఫిబ్రవరి, మార్చి అనువైన నెలలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట హఠాత్తుగా లేచే ఈదురుగాలి, జూన్ తరువాత జారే బెరడు, అక్టోబరు నుంచి తుపాన్ల భయం పనికి అడ్డు. ఫిబ్రవరిలోనైనా తెల్లవారుజామున మంచుకు మాను తడిసి ఉంటుంది కనుక ఎనిమిది గంటల తరువాతే మనిషిని ఎక్కించాలి. గూళ్ళలో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగడమే న్యాయం. మామిడి ఆకులను కలిపి గూళ్ళు కట్టే ఎర్రచీమలను, పెద్ద తేనెపట్టును ముందు రోజే చూసుకోవాలి. ముప్పై అడుగుల ఎత్తున ఒక చేత్తో కొమ్మ పట్టుకున్న మనిషి మీద తేనెటీగలు లేస్తే అతడికి దిగే దారి ఉండదు.

ఎత్తు తెలుసుకోవడానికి చెట్టు ఎక్కనక్కరలేదు. ఎండలో మూడడుగుల కర్రను నిలువుగా పాతి దాని నీడను, అదే సమయంలో చెట్టు నీడను కొలవాలి. కర్ర నీడ రెండడుగులు, చెట్టు నీడ ముప్పై అడుగులు అయితే చెట్టు నలభై అయిదు అడుగులన్నమాట. మాను చుట్టుకొలతను నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపుతో కొలిచి 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. బేరానికీ, తాడు ఎంపికకూ ఈ రెండు అంకెలే ఆధారం. బరువు అంచనా కూడా వీటి నుంచే వస్తుంది. పచ్చి కలప ఘనపుటడుగు సుమారు పాతిక నుంచి ముప్పై కిలోలు తూగుతుంది. అడుగు అడ్డుకొలత, నాలుగడుగుల పొడవు ఉన్న చిన్న ముక్క మూడు ఘనపుటడుగులకు కాస్త పైన, అంటే దాదాపు ఎనభై, తొంభై కిలోలు. చూడడానికి కుర్రవాడు భుజాన వేసుకుని పోయేలా ఉన్న ఆ దుంగ ఇరవై అడుగుల నుంచి పడితే పోర్టికో గచ్చు నిలవదు.

ఇక కరెంటు. పచ్చికొమ్మలో విద్యుత్తు ప్రవహిస్తుంది, తడి తాడులోనూ ప్రవహిస్తుంది. ఇంటికి వచ్చే సర్వీసు వైరు గానీ, వీధి లైను గానీ చెట్టుకు దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో ముందే అర్జీ పెట్టి, పని జరిగినంతసేపూ సరఫరా ఆపించాలి. లైన్‌మెన్లు దీనిని "ఎల్‌సీ తీసుకోవడం" అంటారు, లైన్ క్లియర్ అన్నమాట. ఫోను మీద "ఆపేశాంలే" అన్న మాట చాలదు. లైన్‌మన్ స్వయంగా వచ్చి ఆపి, పని ముగిసిందని మనం చెప్పేదాకా అక్కడే ఉండాలి. ఇంట్లో మెయిన్ ఆపినంత మాత్రాన బయటి తీగలో సరఫరా పోదు. ఆఫీసులో స్పందన లేకుంటే 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. పదకొండు కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైనుకు పదడుగుల లోపు ఉన్న కొమ్మను మాత్రం కూలివాడి చేత ఎప్పుడూ ముట్టించరాదు, అది విద్యుత్ శాఖవారు చేయవలసిన పని.

మనుషులు, బేరం

చెయ్యి పైకెత్తితే అందే కొమ్మ, మణికట్టంత మాను ఉన్న మునగ, బొప్పాయి, జామ వంటివి ఇంటివారే రంపంతో తీసుకోవచ్చు. నిచ్చెన ఎక్కి మోటారు రంపం పట్టవలసిన పని ఏదైనా చెట్లు కొట్టే అనుభవం ఉన్నవారికే అప్పగించాలి. వచ్చినవారిని ముందు వారి తాళ్ళు చూపించమనండి. మనిషి నడుముకు కట్టే బెల్టూ తాడూ వేరుగా, కొమ్మలు దించే మోకు వేరుగా ఉన్నాయా, మోకులో పోగులు తెగాయా, మోటారు రంపానికి చెయిన్ బ్రేకు, అంటే తిరిగే చెయిన్‌ను ఆపే బ్రేకు, పనిచేస్తోందా అని చూస్తే వారి పనితనం సగం తెలిసిపోతుంది. తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు బూట్లు లేనివారికి మనమే తెచ్చి ఇవ్వడం నామోషీ కాదు. హవాయి చెప్పులతో మోటారు రంపం పట్టిన మనిషి మన ఆవరణలో గాయపడితే ఆ బాధ్యత నైతికంగానూ, ఇతరత్రానూ మన మీదే పడుతుంది.

బేరంలో అయిదు పనులు విడివిడిగా చెప్పుకోవాలి: కొమ్మలూ మానూ దించడం, ముక్కలు చేయడం, మొద్దు తీయడం, ఆకూ అలమూ ఎత్తి బండిలో పంపడం, గుంత పూడ్చడం. మేము ఇవన్నీ "చెట్టు తీయడం" అన్న ఒక్క మాటలో ఉన్నాయనుకున్నాము. కొట్టినవారు దుంగలు మాత్రం ట్రక్కు ఆటోలో వేసుకుని వెళ్ళిపోయారు, ట్రాక్టరు నిండా రెమ్మలూ, నేలకు సమానంగా కోసిన మొద్దూ మాకు మిగిలాయి. కలప విలువ ఉన్న చెట్టు అయితే కూలిలోంచి దానిని తగ్గించమనాలి. వేప, తుమ్మ, మామిడి, నేరేడు దుంగలకు కోతమిల్లులో ఏదో ఒక ధర పలుకుతుంది. నేరేడు చెక్క నీటిలో తొందరగా చీకదని పేరు కూడా ఉంది. తురాయి, మునగ వంటివాటికి పొయ్యి కట్టెల ధర కూడా రాదు కనుక వాటిని చూపించి బేరమాడి లాభం లేదు. రావిచెట్టు అయితే కొట్టడానికి మనుషులు ముందుకు రాకపోవచ్చు, వచ్చినవారు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాకే గొడ్డలి వేస్తారు. ఆ కాసేపు మనమూ చేతులు కట్టుకుని నిలబడితే సరిపోతుంది.

దించే రోజు

ముందు రోజే కింద ఖాళీ చేయాలి: వాహనాలు, పూలకుండీలు, తులసికోట పక్కనున్న నీళ్ళ తొట్టి, కుక్క, పిల్లలు. సెప్టిక్ ట్యాంకు మూత, బోరు మూత, నీళ్ళ మీటరు ఎక్కడున్నాయో సున్నంతో గుర్తు పెట్టాలి, వాటి మీద దుంగ పడరాదు. గచ్చు మీద పాత టైర్లు, ఇసుక నింపిన గోనెసంచులు పరిచి, ముందుగా దిగిన పచ్చి రెమ్మలను వాటి మీద పోస్తే మంచి పరుపు తయారవుతుంది. విజయవాడవారికి టైర్ల కోసం ఆటోనగర్ ఉండనే ఉంది. మొదటి కొమ్మ తెగే ముందే ఒక ఏర్పాటు చేసుకోవాలి: పై మనిషి "కొడుతున్నా" అని అరవాలి, కింద మోకు పట్టినవాడు "కానీ" అని బదులిస్తేనే రంపం వేయాలి, మూడో మనిషి ఎవరూ మధ్యలో మాట్లాడరాదు. ఇంటి యజమాని కూడా ఆ మూడో మనిషే.

పని పైనుంచి కిందికి, బయటి నుంచి లోపలికి సాగాలి. చేతి మందం రెమ్మలు కత్తితో తీసి అలాగే వదిలినా ఫర్వాలేదు. తొడ మందం కొమ్మకు మాత్రం మూడు కోతలు వేయాలి. మానుకు ఒకటిన్నర అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు లోతుకు మొదటి కోత వేయాలి. దానికి రెండంగుళాలు అవతల, కొమ్మ చివరి వైపు, పైనుంచి రెండో కోత వేస్తే కొమ్మ ఆ రెండు కోతల మధ్య తుంచినట్లు విరిగి పడుతుంది. మిగిలిన మొండిని మూడో కోతతో తీయాలి. కింది కోత లేకుండా పైనుంచి ఒకే కోత వేస్తే సగం తెగేసరికి కొమ్మ తన బరువుకు తానే వంగి, బెరడును మాను పొడవునా చీల్చుకుంటూ దిగుతుంది. ఆ చీలిక దారిలో ఎక్కినవాడి కాలు గానీ, అతడి తాడు గానీ ఉండవచ్చు. నేరేడు, మునగ కొమ్మలు పెళుసు కనుక వాటి మీద కాలు వేసి నిలబడడమే ప్రమాదం. కాయల కోసం ఎక్కి పడినవారు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. మనిషి బరువు ఎప్పుడూ మాను మీదే, బెల్టు మీదే ఉండాలి.

డాబా మీదికి, తీగల మీదికి వాలిన కొమ్మలను మోకుతో దించాలి. కోయబోయే కొమ్మకు పైన ఉన్న బలమైన పంగ మీదుగా మోకు వేసి ఒక కొస కొమ్మకు కట్టాలి. రెండో కొసను కింద మాను మొదలుకు రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకోవాలి. ఆ చుట్ల రాపిడి వల్లే ఒక్క మనిషి నూరు కిలోల కొమ్మను కూడా చేతుల్లోంచి కొద్దికొద్దిగా వదలగలుగుతాడు. చుట్టు వేయకుండా నలుగురు కలిసి చేతులతో పట్టుకుంటే కొమ్మ బరువు ఒక్క కుదుపులో నలుగురినీ ముందుకు ఈడ్చుతుంది, అరచేతుల తోలు లేచిపోతుంది. మోకును చేతికి, నడుముకు ఎన్నడూ చుట్టుకోరాదు.

మా ఇంట్లో తప్పు జరిగింది ఇక్కడే. డాబా వైపు కొమ్మకు మొదలు దగ్గర మాత్రమే మోకు కట్టారు. కోత పూర్తి కాగానే మోకు ఒక్కసారి కిర్రుమని బిగుసుకుంది, పంగ దగ్గర బెరడు పొడి రాలింది, కొమ్మ చివర కిందికి జారి గడియారం లోలకంలా ఊగుతూ వచ్చి పిట్టగోడను కొట్టింది. మూడడుగుల గోడ, దాని మీది సిమెంటు పూలకుండీతో సహా, పోర్టికో మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ క్షణం నుంచి రెండో తాడు లేకుండా ఏ కొమ్మకూ రంపం వేయనివ్వలేదు. రెండో తాడును కొమ్మ చివరి భాగానికి కట్టి, ఎదుటి దిక్కున దూరంగా నిలబడిన మనిషి దానిని బిగబట్టి ఉంచితే కొమ్మ ఊగదు, మనకు కావలసిన చోటికి తిరుగుతుంది. కొమ్మను ఒకేసారి పొడవుగా కోయాలన్న ఆశ మానుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. ఆరడుగుల ముక్కలు నాలుగు దించడం కంటే ఇరవై నాలుగు అడుగుల కొమ్మ ఒకటి దించడం తొందరగా అవుతుందనుకోవడం భ్రమ.

కొమ్మలన్నీ పోయి మాను స్తంభంలా మిగిలాక దానిని పైనుంచి రెండు, మూడడుగుల దుంగలుగా కోసుకుంటూ రావాలి. కింద ఖాళీ స్థలం నిలబడిన మాను ఎత్తుకు రెండింతలు ఉన్నప్పుడే మిగతా భాగాన్ని ఒకేసారి పడవేయడం గురించి ఆలోచించాలి. అప్పుడు పడవలసిన దిక్కున, అడ్డుకొలతలో నాలుగో వంతు లోతుకు నోరు తెరిచినట్లు గంటు కొట్టి, ఎదుటి వైపు నుంచి గంటు అడుగు కంటే ఒకటి రెండంగుళాలు ఎత్తులో వెనుక కోత వేయాలి. రెండూ పూర్తిగా కలవరాదు. మధ్యలో అడ్డుకొలతలో పదో వంతు కలప, అంటే రెండడుగుల మానుకు రెండున్నర అంగుళాల పట్టీ, తలుపు బందులా మిగలాలి. మానును అనుకున్న దిక్కుకు నడిపించేది ఆ పట్టీయే. తొందరలో దానిని కూడా కోసివేస్తే మాను ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. కోసేవాడు మాను పడే దిక్కుకు నేరుగా వెనుక నిలబడకుండా, ఏటవాలుగా పక్కకు వెళ్ళే దారిని ముందే శుభ్రం చేసి ఉంచుకోవాలి. మధ్యాహ్నం మూడు దాటాక కొత్త కోత ఏదీ మొదలుపెట్టకపోవడం మంచిది. అలసట, గాలి రెండూ ఆ సమయానికే వస్తాయి.

కొబ్బరిచెట్టు సంగతి

సత్యనారాయణపురం ఇంట్లో పని తేలికగా ముగిసింది. గెలలు, మట్టలు ముందు దించి, మొవ్వు నరికి, మానును మూడడుగుల ముక్కలుగా కోస్తూ వచ్చారు. కొబ్బరి మాను పీచు పీచుగా ఉండడం వల్ల రంపం చెయిన్ తొందరగా మొండిబారుతుంది, గంటు కొట్టి విడిచిన పట్టీ కూడా వేపలో నిలిచినట్లు నిలవదు, కాబట్టి కొబ్బరిని ముక్కలుగా దించడమే మేలు. తలకొట్టిన కొబ్బరి మళ్ళీ చిగురించదు, తల్లివేరు ఉండదు కనుక మొద్దు తవ్వడమూ సులువు. అయితే దుంగలను పెరట్లో కుళ్ళనివ్వరాదు. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది అలాంటి కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లోనూ, పేడకుప్పల్లోనూ. పచ్చి కోత వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. మన చెట్టు పోయినా వీధిలో మిగిలిన కొబ్బరిచెట్లకు అవి చేటు చేస్తాయి. వారంలోగా పంపించివేయాలి.

మొద్దు, వేళ్ళు, నల్లరేగడి

చాలామంది మాను పడగానే పని అయిపోయిందనుకుంటారు. మాకు దించడానికి ఒకటిన్నర రోజు పట్టింది, మొద్దు తీయడానికి నాలుగు రోజులు పట్టింది. కారణం, మాను నేలకు సమానంగా కోయడం. మొద్దును వేళ్ళతో సహా తీయదలచినవారు మూడు, నాలుగడుగుల మానును నిలిపే ఉంచాలి. వేళ్ళన్నీ తెగాక జేసీబీతో తోసినా, చెయిన్ పుల్లీతో లాగినా ఆ మానే మీటలా పనిచేసి తల్లివేరును పైకి లేపుతుంది. పట్టుకోవడానికి మాను లేని మొద్దును మనుషులు చుట్టూ తవ్వి కింది నుంచి ముక్కలు చేయవలసిందే. గేటులోంచి జేసీబీ పట్టదని ముందే తెలిస్తే మొద్దు తీయాలా, చీకనివ్వాలా అన్నది అప్పుడే నిర్ణయించుకోవాలి.

గుంటూరు నల్లరేగడి మేలో రాయిలా ఉంటుంది, వానలో బంకలా పారకు పట్టుకుంటుంది. మొద్దు చుట్టూ బాగా నీళ్ళు పెట్టి రెండు రోజులు ఆరనిస్తే గునపం దిగే పదునుకు వస్తుంది. మాను అడ్డుకొలతకు మూడింతల దూరంలో చుట్టూ కందకం తీసి, బయటపడిన పక్కవేళ్ళను గొడ్డలితో రెండుచోట్ల నరికి మధ్య ముక్కను తీసివేయాలి. ఒక్కచోటే నరికితే కొసలు ఒరుసుకుని మళ్ళీ అడ్డుపడతాయి. మట్టి ఉన్న వేరు మీద రంపం వేస్తే నిమిషంలో పళ్ళు పోతాయి కనుక వేళ్ళకు పాత గొడ్డలే సరి. నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం ఉన్న వైపు జేసీబీని వాడకుండా చేత్తోనే తవ్వించాలి. పునాది కిందికి పోయిన వేరును లాగే ప్రయత్నం చేయరాదు. పునాదికి రెండడుగుల ఇవతల నరికి, అవతలి భాగాన్ని భూమిలోనే వదిలివేయాలి.

తవ్వడం వీలు కానప్పుడు మొద్దును నేలకు నాలుగంగుళాల కిందికి కోసి, బెరడు ఒలిచి, పైభాగంలో అంగుళం వెడల్పు రంధ్రాలు లోతుగా వేసి, పేడ నీళ్ళు, కొద్దిగా యూరియా పోసి తడిగా కప్పి ఉంచితే రెండు, మూడేళ్ళలో చీకుతుంది. నేరేడు, కానుగ, వేప, సుబాబుల్ మొద్దులు పదేపదే చిగుర్లు వేస్తాయి. పది రోజులకొకసారి వాటిని తుంచుతూ ఉంటే వేళ్ళలోని నిల్వ తరిగి, ఆరేడు నెలల నుంచి ఏడాది లోపల ఆగిపోతాయి. రంధ్రంలో ఇంగువ ముద్ద పెడితే చెట్టు చస్తుందని మా పెద్దమ్మగారు చెప్పగా విజయవాడలో ఒక వేప మొద్దులో పెట్టి చూశాము. నెల తిరిగేసరికి చిగుళ్ళు వచ్చాయి, ఇంగువ వాసన మాత్రం చాలా రోజులు ఉంది. ఉప్పు, కిరసనాయిలు, యాసిడ్ పోయడం వల్ల మొద్దు కంటే చుట్టుపక్కల మట్టికీ, బోరు నీటికీ ఎక్కువ హాని. చీకుతున్న మొద్దు ఇంటి గోడకు దగ్గరగా ఉంటే చెదలు దానిలో చేరి తలుపు చట్రాల దాకా మట్టిదారి వేసుకుంటాయి, కాబట్టి గోడకు పదడుగుల లోపు మొద్దులను ఎంత కష్టమైనా తవ్వి తీయించడమే నయం.

నల్లరేగడి విషయంలో ఇంకొకటి ఉంది. ఈ మట్టి నీరు తాగి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పెద్ద చెట్టు ఏళ్ళ తరబడి గోడ పక్కన తేమ పీల్చి నేలను ఒక స్థాయిలో ఆరబెట్టి ఉంచుతుంది. చెట్టు పోయాక ఆ తేమ మట్టిలోనే నిలిచి నేల మెల్లగా పైకి ఉబ్బుతుంది. అందువల్ల చెట్టు తీసిన నెలలోనే బీటలు పూడ్చి రంగులు వేయించడం డబ్బు దండగ. బీటకు అడ్డంగా పెన్సిలుతో గీత గీసి, తేదీ రాసి, నెలకోసారి చూస్తూ ఒక వానాకాలం గడిచాక, గీత రెండు కొసలూ కదలడం ఆగాక సిమెంటు పెట్టించాలి. మా ప్రహరీ బీట మొదటి ఆగస్టులో కొంచెం మూసుకుని, మరుసటి వేసవిలో మళ్ళీ తెరుచుకుని, రెండో వానాకాలం తరువాత గాని స్థిరపడలేదు.

గుంతను ఒకేసారి మట్టి పోసి పూడిస్తే మొదటి వానకే కుంగుతుంది. తవ్విన మట్టినే వేళ్ళ ముక్కలు ఏరివేసి, ముప్పావు అడుగు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించాలి. పైన అరడుగు ఎత్తు ఎక్కువగానే కుప్ప పోసి వదిలితే వానలకు సర్దుకుంటుంది. వానాకాలం ముగిసేదాకా ఆ చోట గచ్చు చేయించరాదు, నీళ్ళ ట్యాంకు దిమ్మె కట్టించరాదు. అనుమతి కాగితంలో రాసినన్ని మొక్కలను కూడా అప్పుడే నాటాలి. గోడకు పదిహేనడుగుల లోపు చోటుంటే కరివేపాకు, మందారం, నిమ్మ దాటి పోరాదు. నేరేడు, వేప, నిద్రగన్నేరు వంటివాటికి అంత చోటు లేనివారు ఆ మొక్కలను వీధి చివరి పార్కులోనో, సొంత ఊరి పొలం గట్టు మీదో నాటి, వాటి ఫొటోలను అనుమతి కాగితంతో కలిపి దాచుకోవాలి.